రాయలసీమలో ఎవరూ పెద్దగా పోని చోట్లకి ట్రిప్ ఎలా వేసుకోవాలి: ముందు నెల, తర్వాత ఊరు

నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, గండికోట, బేలం గుహలు, లేపాక్షి అని మూడు పేర్లు చెప్పేసి రాయలసీమ అంటే ఇంతే అనుకుంటారు చాలామంది. ఆ మూడూ బాగుంటాయి, కాదనట్లేదు, కానీ శనివారం సాయంత్రం గండికోట లోయ అంచున ఫోటో కోసం వేరేవాళ్ళ వెనకాల నిలబడటానికి అంత దూరం పోవాలా అని నా గోల. జనం పెద్దగా పోని చోట్లు సీమ నిండా ఉన్నాయి, చాలామటుకు మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి పోతే చాలు. చిక్కల్లా ఏంటంటే లిస్టు రాసుకుని పోతే పని జరగదు, కొన్ని చోట్లు ఏడాదిలో కొన్ని నెలలే కనిపిస్తాయి, కొన్నిటికి దారి చెప్పే బోర్డు దొరకదు, కొన్ని గుళ్ళకి పొద్దున పూజ అవ్వగానే తాళం పడిపోతుంది. అందుకే ఈ వరసలో చేయండి.

ముందు నెల చూస్కోండి

మామూలుగా ఎక్కడికి పోవాలో అనుకుని తర్వాత తేదీలు చూస్కుంటాం కదా, ఇక్కడ తిరగేయండి. మీకు సెలవు ఏ నెలలో ఉందో ఆ నెలకి తగ్గ చోటు ఎంచుకోండి.

మార్చి నుంచి జూన్ లోపు అయితే సంగమేశ్వరం. నంద్యాల జిల్లాలో కృష్ణలో భవనాశి కలిసే చోట ఉంటుంది, ఏడు నదుల సంగమం అంటారు. శ్రీశైలం రిజర్వాయర్ కట్టాక ఆ గుడి బ్యాక్ వాటర్ లో మునిగిపోయింది, వానాకాలంలో వరద వచ్చి డ్యామ్ నిండితే శిఖరంతో సహా నీళ్ళ కిందికి పోతుంది, ఎండాకాలానికి నీళ్ళు తగ్గేకొద్దీ మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. లోపల ఉండేది రాతి లింగం కాదు, వేప మొద్దుతో చేసిన లింగం, ధర్మరాజు ప్రతిష్ఠ అని చెప్తారు, ఇన్నేళ్ళుగా నీళ్ళలో నానుతూ తేలుతూ ఇంకా అలాగే ఉంది. ఇక్కడ క్యాలెండర్ నమ్మొద్దు, శ్రీశైలం నీటిమట్టం చూడండి. నిండుగా ఉంటే 885 అడుగులు, అక్కడి నుంచి ఎంత దిగిందో పేపర్లో జిల్లా ఎడిషన్ లో దాదాపు రోజూ వేస్తారు, గుడి బయటపడిన రోజు ఫోటోతో సహా వేస్తారు. ఆ వార్త చూశాకే బండి తీయండి. ఇంకోటి, అవతలి ఒడ్డు తెలంగాణ వైపు నుంచి పడవలో కూడా వస్తుంటారు, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ అయితే ఎక్కొద్దు, చుట్టూ తిరిగినా సరే రోడ్డు మీదే పోండి.

జనవరి తర్వాత సెలవు అయితే హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలంలో వీరాపురం. ఊరి మధ్యలో చింతచెట్ల మీద పెద్ద పెద్ద కొంగలు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెడతాయి, అరుగు మీద కూర్చుని తలెత్తితే చాలు, గూడు కనిపిస్తుంది. అందరూ సైబీరియా కొంగలు అంటారు, పేపర్లలో కూడా అలాగే రాస్తారు కానీ ఇవి పెయింటెడ్ స్టార్క్ లు, మన దేశం కొంగలే, సైబీరియాతో వీటికి సంబంధం లేదు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు, చూస్తే ఇట్టే తెలిసిపోతాయి. వర్షాకాలం మధ్యకి వచ్చేసరికి పిల్లలతో సహా ఎగిరిపోతాయి, ఆగస్టు దాటాక పోతే ఖాళీ గూళ్ళు చూసి రావడమే. చెట్ల కింద నిలబడేటప్పుడు తల మీద తువ్వాలు వేసుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు. డ్రోన్ మాత్రం దయచేసి వద్దు, పక్షులు బెదిరి లేస్తే గుడ్లు కింద పడిపోతాయి.

జూన్ తొలకరికి దొరికితే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు వైపు. గట్టి వాన ఒకటి పడి వెలిశాక ఎర్రనేలల్లో జనం తల వంచుకుని వరసలుగా నడుస్తూ వజ్రాలు వెతుకుతుంటారు, నిజం వజ్రాలే, వజ్రకరూరు దగ్గర భూమిలోంచి పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి ఉంది, వజ్రాలు ఉండేది ఆ రాతిలోనే, ఆ చుట్టుపక్కల పొలాల్లో వానకి పైమట్టి కొట్టుకుపోతే ఏ మెరుపురాయో పైకి తేలుతుంది. కుటుంబాలకి కుటుంబాలు సద్దులు కట్టుకుని వచ్చి చెట్ల కింద మకాం పెడతాయి. చూడ్డానికి పోండి తప్పులేదు, కానీ అది ఒకరి పొలం, అదే అదనులో ఆయన విత్తనం వేసుకోవాలి, అడక్కుండా దిగొద్దు, విత్తిన చేలో అసలే దిగొద్దు. మీకు దొరుకుతుందని ఆశ కూడా పెట్టుకోవద్దు లెండి.

చలికాలంలో అయితే నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడు. 1988 లో బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన అభయారణ్యం, అడవి అంటారు గానీ అంతా గడ్డిమైదానమే. ఆ పిట్ట ఇప్పుడు కనిపించట్లేదు, దాన్ని చూస్తామని పోతే నిరాశే, కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి, సాయంత్రం పొద్దుగుంకే వేళ గడ్డిలోకి దిగే గద్దలు కూడా. పక్షుల పిచ్చి లేనివాళ్ళకి ఇది బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నా.

ఇక ఏప్రిల్, మే లో సీమ ఎండ సంగతి తెలిసిందే కదా, నలభై దాటుతుంది. సంగమేశ్వరం తప్ప వేరే దేనికీ ఆ రెండు నెలలు పిల్లల్ని తీసుకుని పోవద్దనే నా మాట, సంగమేశ్వరం కూడా పొద్దున్నే పోయి పదింటికల్లా బయటపడండి.

ఒక్క ఊర్లోనే దిగండి

రెండో పని, మకాం ఊరు ఎంచుకోవడం. నాలుగు జిల్లాలు నాలుగు రోజుల్లో చుట్టేద్దాం అంటే కారులో కూర్చోవడమే టూరిజం అయిపోతుంది. ఒక చిన్న టౌన్ పట్టుకుని దాని చుట్టూ యాభై కిలోమీటర్ల లోపల తిరగండి. లాడ్జి మామూలుగా ఉంటుంది, పొద్దున ఉగ్గాని బజ్జి దొరుకుతుంది, రాత్రికి ఎక్కడో ఒకచోట సంగటి దొరుకుతుంది, ఇంకేం కావాలి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, 2022 లో జిల్లాలు విడదీశాక పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో చెప్పిన జిల్లా పేర్లు కుదరవు. కర్నూలు జిల్లా అని ఉన్న యాగంటి, బేలం ఇప్పుడు నంద్యాలలో, అనంతపురం అని ఉన్న లేపాక్షి, కదిరి శ్రీ సత్యసాయిలో. అంతకంటే పెద్ద తమాషా, గుత్తి అనంతపురం జిల్లా, దానికి పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న, అశోకుడి శాసనాల ఎర్రగుడి కర్నూలు జిల్లా, అందుకే ఏ జిల్లా టూరిజం లిస్టు తీసినా రెండూ ఒకే చోట ఉండవు. జిల్లా వారీగా కాకుండా మ్యాప్ లో టౌన్ చుట్టూ గుండ్రంగా గీత గీసి చూడండి.

నా లెక్కలో మంచి మకాంలు ఇవి. గుత్తి (దీని గురించి కింద ఎక్కువ చెప్తా). బనగానపల్లె లేదా నంద్యాల, కదిరి, కడప.

బనగానపల్లె వైపు అందరూ యాగంటి నంది చూసి వచ్చేస్తారు. దానికి దగ్గర్లోనే జ్వాలాపురం అని ఒక ఊరుంది, ప్రపంచంలో పురావస్తు శాస్త్రం చదివేవాళ్ళలో చాలామందికి ఆ ఊరి పేరు తెలుసు, మనకే తెలీదు. సుమారు 74,000 ఏళ్ళ కింద ఇండోనేషియాలో సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద గాల్లో ఇంత దూరం వచ్చి జుర్రేరు లోయలో పడింది, ఇప్పటికీ ఎర్రమట్టి మధ్యలో తెల్లటి పొరలా కనిపిస్తుంది, చేత్తో ముట్టుకుంటే టాల్కం పౌడర్ లా మెత్తగా ఉంటుంది. ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని 2007 లో పరిశోధకులు ప్రకటించారు, అంటే అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్ళ వాదన, దాని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అక్కడ టికెట్ కౌంటర్లు, గైడ్లు ఏమీ ఆశించొద్దు, చేలూ తవ్విన గుంతలూ అంతే. కథ తెలిసి పోతే ఒళ్ళు జలదరిస్తుంది, తెలీకుండా పోతే సున్నం గుంట అనుకుని వచ్చేస్తారు. అందుకే ముందు రోజు రాత్రి లాడ్జిలో కూర్చుని కాస్త చదువుకుని పోండి. అదే వైపు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు, 1884 లో బ్రిటిష్ జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించి పాత జంతువుల ఎముకలు తీసింది అక్కడే, బేలం గురించి కూడా ఆ సంవత్సరమే ఆయన రాశాడు. బేలం లో లైట్లు, మెట్లు, లోపలికి గాలి పంపే ఏర్పాటు అన్నీ ఉన్నాయి, ఇక్కడ అవేవీ ఉండవు, లోకల్ మనిషి లేకుండా లోపలికి దూరొద్దు.

కదిరి అయితే తిమ్మమ్మ మర్రిమాను, ఇది మరీ తెలియనిదేం కాదు, 1989 లో గిన్నిస్ బుక్ లోకి ఎక్కింది, దాదాపు ఐదు ఎకరాలు పాకింది. కానీ అందరూ పది నిమిషాలు చూసి పోతారు. మీరు ఒక గంట పెట్టుకోండి, అసలు మొదటి మాను ఏదో కనుక్కోవడానికి ట్రై చేయండి, దొరకదు. లేత ఊడలు నేల దాకా దిగేలా వెదురు బొంగుల్లోంచి పంపించి కాపాడుతుంటారు, ఆ బొంగుల్ని వెతికి చూడండి, చెట్టు ఎటువైపు పెరగబోతోందో తెలుస్తుంది. శివరాత్రికి తిరనాళ జరుగుతుంది, జనం ఇష్టమైతే అప్పుడు, లేదంటే ఆ వారం వదిలేయండి. కదిరి వైపే గాండ్లపెంట మండలం కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. పద్యాలు అందరికీ వచ్చు, సమాధి దగ్గరికి పోయినవాళ్ళు మాత్రం తక్కువే.

కడప గురించి తొందరగా చెప్పేస్తా. పొద్దున పెన్న ఒడ్డున పుష్పగిరి, అక్కడ గుడి బయటి గోడల మీద వరసగా చెక్కిన కథలు చూస్తూ చుట్టూ తిరగండి. మధ్యాహ్నం ఎండకి కడప టౌన్ లోనే బ్రౌన్ లైబ్రరీ, సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది, తాళపత్రాలు ఉన్నాయి, సెలవు రోజు కాకుండా చూస్కుని పోండి. సాయంత్రం సిద్ధవటం కోట, అది కూడా పెన్న ఒడ్డే, ఒంటిమిట్టకి పోయే జనంలో పదోవంతు కూడా ఇటు తిరగరు.

ఫోన్ ని సగమే నమ్మండి

మూడో పని దారి. సీమ పల్లెల్లో మ్యాప్ మిమ్మల్ని చేల గట్ల మీదికి తోలుతుంది, సిగ్నల్ పోతుంది. మకాం ఊర్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మ్యాప్ ఆఫ్ లైన్ లో దించుకోండి, తర్వాత మనుషుల్ని అడగండి. అడగడంలోనే ఉంది అసలు కిటుకు. ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఎక్కడ అని అడిగితే కుర్రాళ్ళు కూడా మొహం చూస్తారు, బోర్డు మీది పేరు వేరు, ఊరి నోట్లో పేరు వేరు. ఇలా ఉంటుంది మాట:

"పెద్దాయనా, రాతల బండ యాడుంది?"

"ఏ రాతల బండప్పా, అశోకునిదేనా? ఏనకొండకి పోవల్ల. నేరుగా పో, ఎడంపక్క బండలు కనపడతాయి. నీళ్ళు తెచ్చుకున్నారా?"

ఆ చివరి ప్రశ్న దాదాపు అందరూ అడుగుతారు. తెచ్చుకోకపోతే వాళ్ళే చెంబుతో ఇస్తారు. అన్నా, అక్కా, పెద్దాయనా, అమ్మా అని పిలిచి బండి దిగి అడగండి, కారు అద్దం దించి ఏయ్ అని అడిగితే తప్పు దారి చెప్పినా చెప్తారు, న్యాయమే కదా.

సొంత బండి లేకపోతే పల్లెవెలుగు బస్సు పొద్దునా సాయంత్రం బాగానే ఉంటుంది, మధ్యలో గ్యాప్ ఎక్కువ. దిగగానే తిరుగు బస్సు టైం కండక్టర్ నే అడిగి పెట్టుకోండి, చివరి బస్సు ఎప్పుడో ఆయనకే కరెక్ట్ గా తెలుస్తుంది. ఆంధ్రా ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్ ప్రెస్ లలో టికెట్ లేదు, ఆధార్ లాంటిది ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు. ఆటో అయితే రానూపోనూ, అక్కడ ఆగే టైం తో కలిపి ముందే మాట్లాడుకోండి, వదిలేసి పోతే తిరిగి రావడానికి ఏమీ దొరకదు. బాత్రూం సంగతి ఎవరూ రాయరు గానీ ఇదే ఇంపార్టెంట్, ఈ చోట్లలో చాలావాటి దగ్గర ఉండవు, బస్టాండ్ లోనో పెట్రోల్ బంకులోనో పని చూస్కుని బయల్దేరండి. నల్లమల లోపలి రోడ్లు అయితే రాత్రిపూట గేట్లు మూసేస్తారు, చీకటి పడకముందే దాటేలా చూస్కోండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే గుత్తితో మొదలుపెట్టండి

మొదటిసారి పోయేవాళ్ళకి నేను గుత్తి చెప్తా. రైలు జంక్షన్, బెంగళూరు హైదరాబాద్ హైవే పక్కనే, చుట్టూ అన్నీ దగ్గర, వానాకాలం అయిపోయాక ఎప్పుడైనా పోవచ్చు.

మొదటి రోజు తెల్లారకముందే లేచి పత్తికొండ రోడ్డులో ఎర్రగుడికి పోండి. ఎందుకంత పొద్దున్నే అంటే, అక్షరాలు చదవాలంటే ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడాలి, మిట్టమధ్యాహ్నం పోతే బండ అంతా ఒకటే తెలుపు, ఏమీ కనపడదు. అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితో పాటు చిన్న శాసనాలూ రెండూ ఒకే కొండ మీద ఉన్న చోటు ఇది, 1929 లో ఒక జియాలజిస్టు కంటపడే దాకా బయటి ప్రపంచానికి తెలీదు. చిన్న శాసనం ఉన్న బండ దగ్గర ఆగండి. బ్రాహ్మీ లిపి మామూలుగా ఎడమ నుంచి కుడికి పోతుంది, ఇక్కడ మాత్రం కొన్ని చోట్ల ఒక లైను ఎడమ నుంచి కుడికి పోయి, తర్వాతి లైను కుడి నుంచి ఎడమకి తిరిగి వస్తుంది, చెక్కినవాడికి ఏం తోచిందో మరి. లిపి రాకపోయినా పర్లేదు, సిలువ గుర్తులా ఉండే 'క' అక్షరం పట్టుకుని వరసల వెంట వేలు గాల్లో ఆడిస్తూ చూడండి. మావటీలకీ, లేఖకులకీ, బండ్లు తోలడం నేర్పేవాళ్ళకీ, బ్రాహ్మణులకీ ఈ మాట చెప్పండి అని అందులో ఉంటుంది, పెద్దల మాట వినాలి, జీవాల మీద దయ ఉండాలి అని. అక్షరాల మీద నీళ్ళు పోయడం, సుద్దతో దిద్దడం, వేలితో రుద్దడం ఏదీ చేయొద్దు, రెండు వేల రెండొందల ఏళ్ళు ఆగిన రాత అది.

అక్కడి నుంచి జొన్నగిరి వైపు పోయి, వీలుంటే పత్తికొండ దాకా వెళ్ళి భోజనం చేయండి. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1827 లో కలరాతో పోయింది పత్తికొండలోనే, ముందు గుత్తిలో పూడ్చి తర్వాత మద్రాసుకి తరలించారు. ఆయన పేరు మీద పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊర్లు ఇవి, దొరల్లో అలా పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. మధ్యాహ్నం లాడ్జికి వచ్చి పడుకోండి, సిగ్గుపడక్కర్లేదు, ఆ ఎండలో అక్కడివాళ్ళు కూడా అదే చేస్తారు.

రెండో రోజు పొద్దున గుత్తి కోట. ఎక్కడం గట్టిగానే ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళని కింది ద్వారాల దాకానే తీసుకెళ్ళండి, అక్కడ కూడా చూడ్డానికి ఉంది. పైన కొండ అంచున చిన్న మంటపం ఉంటుంది, మురారిరావు గద్దె అంటారు, మరాఠా సర్దార్ మురారిరావు అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడట. 1776 లో హైదర్ అలీ ముట్టడిస్తే ఆయన కోట అప్పజెప్పింది పైన నీళ్ళు అయిపోయి, కాబట్టి మనిషికి రెండు లీటర్లు తక్కువ కాకుండా మోయండి. గోడల్లో తేనెపట్లు ఉంటే వాటి దగ్గర సెంటు కొట్టుకుని, పొగ తాగుతూ నిలబడొద్దు. ఒంటరిగా పోయేవాళ్ళు కింద టీ కొట్టు వాళ్ళకి చెప్పి ఎక్కండి.

దిగాక భోంచేసి తాడిపత్రి. తొందరపడి రెండింటికి పోతే గుడి మూసి ఉంటుంది, సాయంత్రం తెరిచే టైం కి చేరేలా బయల్దేరండి. అక్కడ చింతల వెంకటరమణ గుడిలో రాతి రథం ఉంది, హంపి రథం కోసం తోసుకునే జనం ఇక్కడ ఉండరు. కానీ నేను ఎక్కువసేపు నిలబడమనేది పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర. లింగం అడుగునుంచి నీళ్ళు ఊరుతూ ఉంటాయి, బుగ్గ అనే పేరు దానికే. బయట రెండు గోపురాలు సగంలో ఆగిపోయాయి, పైభాగం కట్టనే లేదు, అందుకే అందరూ వాటిని దాటేసి లోపలికి పోతారు. మీరు వాటి దగ్గరే ఆగండి. నేల నుంచి పైదాకా అరచేయంత జాగా కూడా ఖాళీ వదలకుండా చెక్కారు, తీగలు, హంసలు, స్తంభాల్లో చిన్న స్తంభాలు. పైన గోపురం లేకపోవడం వల్ల ఆ పని అంతా మన కంటి ఎత్తులో ఉంది.

తాడిపత్రి స్టేషన్ కూడా మెయిన్ లైనే, కడప, తిరుపతి, హైదరాబాద్ వైపు పోయేవాళ్ళు అక్కడే ఎక్కేయొచ్చు. బెంగళూరు వాళ్ళు మళ్ళీ గుత్తికి రావాలి, రాత్రి బండికి రిజర్వేషన్ పోయేముందే చేసి పెట్టుకోండి. గుడి చూస్తూ టైం మర్చిపోతారు, ఆరున్నరకి ఫోన్ లో అలారం పెట్టుకోండి.